సొంత వీధికి ఏడు మార్కులు కోత

పోనీ, నీడ కోసమే అనుకుందాం. కానీ ఇవాళ ఎండే లేదు. పొద్దున్నించీ మబ్బు పట్టి ఉంది. నీడ అక్కర్లేని రోజున కూడా నీడ ఉన్న వీధిలోంచే వెళ్ళే మనిషిని ఏమనాలి? అలవాటు అనొచ్చు. అలవాటు మంచి మాట. దాని వెనక ఎన్నయినా దాచుకోవచ్చు.

అతను ఇలా తనతో తనే వాదించుకుంటూ నడుస్తున్నాడు. గది నుంచి ఆఫీసుకి తన వీధిలోంచే తిన్నగా వెళితే తొమ్మిది నిమిషాలు. రెండు వీధులు అవతలికి పోయి, కళ్ళద్దాల షాపున్న వీధి చుట్టి వస్తే పధ్నాలుగు. ఈ లెక్క ఉజ్జాయింపు కాదు. నగరపాలక ఆఫీసులో అతని ఉద్యోగమే వీధులకి మార్కులు వేయడం. ఒక వీధిలో ఉండే మనిషి బండి తీయకుండా, బస్సెక్కకుండా, తన రెండు కాళ్ళ మీద ఎంతవరకు బతకగలడన్నది ప్రశ్న. కాలిబాట ఎంత వెడల్పు, రోడ్డు దాటడానికి ఎంతసేపు నిలబడాలి, రొట్టెకి ఎన్ని నిమిషాలు, మందుబిళ్ళకి ఎన్ని, అలిసిపోతే కూర్చోడానికి బల్ల ఉందా లేదా. మొత్తం నూటికి. కాళ్ళకి బలపం కట్టుకుని తిరుగుతున్నావురా అని వాళ్ళక్క అంటుంది. జీతమిచ్చి మరీ కట్టారని అతను అంటాడు.

ఆ పేట ఊరి నడిబొడ్డుకి ఆనుకుని ఉంది. ఏ వీధి చివర నిలబడి చూసినా పెద్ద మేడలు కనబడతాయి. వాటి దగ్గరికి వెళ్ళాలంటే మాత్రం ఎవరూ బండి తీయరు. అలా మాట్లాడుకుంటూ వెళ్ళి వచ్చేస్తారు. అలాంటి చోట ఐదు నిమిషాలు ఎక్కువ నడవడం వింతేమీ కాదు. నాలుగు నెలలుగా రోజూ నడవడం, దానికి రోజుకో కారణం వెతుక్కోవడం కొంచెం వింత. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసిన సంగతిని తెలియనట్టు ఉంచుకోవడానికి ఎంత శ్రమ పడుతున్నాడో మాత్రం తెలియదు.

నాలుగు నెలల కిందట ఆ షాపు ముందు కొలతచక్రం దొర్లించుకుంటూ వెళ్తూ ఆగాడు. కాలిబాట మీద పెద్ద కళ్ళజోడు బొమ్మ ఉన్న బోర్డు నిలబెట్టి ఉంది. కాగితం తీసి రెండు మార్కులు తగ్గించాడు. లోపల్నించి ఒక అమ్మాయి అద్దాలు తుడిచే గుడ్డ చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏం రాస్తున్నారు?"

"ఈ బోర్డు నడిచేవాళ్ళకి అడ్డమండీ. చూపు సరిగ్గా లేనివాళ్ళు గుద్దుకుంటారు."

"గుద్దుకున్నవాళ్ళే లోపలికొస్తారు. మా వ్యాపారం అదే."

ఆమె మొహంలో నవ్వు లేదు. అది జోకో, దబాయింపో అతనికి అంతుబట్టలేదు. ఆ తర్వాత తెలుసుకున్నాడు, ఆమె అన్నీ అదే మొహంతో చెబుతుందని. మర్నాడు బోర్డు గోడ వారకి జరిగి ఉంది. చూసి, లోపలికి వెళ్ళి, ఆ రెండు మార్కులూ తిరిగి కలిపానని చెప్పాడు. చెప్పాల్సిన అవసరం లేదు. కాగితాన్ని అంత దగ్గరగా పట్టుకుని చూస్తున్నారేమిటని ఆమె అడిగింది. అలా ఆ రోజు కళ్ళ పరీక్ష అయింది. రెండు కంటిపాపల మధ్య దూరం కొలవడానికి ఆమె చిన్న స్కేలు అతని ముక్కు మీద ఆనించి, మొహం దగ్గరగా పెట్టి చూసింది. ఊరంతా కొలిచేవాణ్ణి ఇంకొకరు కొలవడం అదే మొదటిసారి. కదలకూడదేమో అని అతను బిగుసుకుపోయాడు.

"ఊపిరి పీల్చుకోవచ్చండీ. నేను కొలిచేది కళ్ళనే," అంది.

అప్పట్నించి ఆమె దృష్టిలో అతను మార్కుల మాస్టారు. సాయంత్రం ఏడింటికి ఆమె షాపు మూసే వేళకి అతను అటు రావడం, అదే వీధి ఆ చివర ఉన్న వాళ్ళ మేడ దాకా ఆరు నిమిషాలు కలిసి నడవడం మామూలైపోయింది. రావడం యాదృచ్ఛికమని ఇద్దరూ ఒప్పుకున్నారు. అంటే, ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఆ సోమవారం సాయంత్రం పొద్దుటి మబ్బు వానై కురిసింది. ఆ వీధిలో వాన పెద్ద అడ్డం కాదు. షాపుల ముందు చూర్లు ఒకదానికొకటి తగిలి ఉంటాయి. దర్జీ కొట్టు నుంచి లైబ్రరీ మెట్ల దాకా తల తడవకుండా వెళ్ళొచ్చు. ఒక్క చోట, రొట్టెల షాపుకీ తాళాలు బాగుచేసే ఆయన కొట్టుకీ మధ్య, సందు మొదట్లో మాత్రం పైన ఏమీ ఉండదు. పన్నెండు అడుగులు. ఇద్దరూ రొట్టెల షాపు చూరు కింద ఆగారు.

ఈ పన్నెండు అడుగులకి ఎన్ని మార్కులు తీశారని ఆమె అడిగింది. ఒకటన్నర అన్నాడు. పరిగెత్తితే ఎన్ని చినుకులు పడతాయని అడిగింది. అది తమ ఫారంలో లేదన్నాడు. మీ ఫారంలో ఏదీ ఉండదని విసుక్కుంది. కాసేపు చెయ్యి బయటికి చాపి చినుకులు పట్టింది. తర్వాత, చేతిని చూసుకుంటూనే, అసలు సంగతి చెప్పింది.

వాళ్ళు ఇల్లు మారే ఆలోచనలో ఉన్నారు. ఇంట్లో ఉండేది ఆమె, వాళ్ళ నాన్న. ఇద్దరే. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నాన్నకి మోకాళ్ళ నొప్పి. మెట్లు తగ్గించమని డాక్టరు మూడుసార్లు చెప్పాడు. బస్సు చివరి స్టాపు దాటాక కొత్త కాలనీలో ఆమె అక్క, బావ ఉంటారు. పక్కిల్లే ఖాళీ అయింది. మెట్లు ఎక్కక్కర్లేని ఇల్లు, ముందు తోట. శనివారం సాయంత్రం ఐదింటికల్లా అవునో కాదో చెప్పమని ఇంటాయన గడువు పెట్టాడు. వెళితే ఆమెకి అక్కడే బావ చూసిన వేరే షాపులో పని. ఇక్కడికి రావాలంటే రానూపోనూ రెండు గంటలు.

"మీరు వీధులకి మార్కులు వేస్తారు కదా. మా ఇంటికీ ఆ ఇంటికీ కూడా వేసిపెట్టండి. మా నాన్న పేపర్లో ప్రూఫులు దిద్దే పని చేసి రిటైరయ్యారు. కాగితం మీద ఉంటే తప్ప దేన్నీ నమ్మరు."

"మీకు ఏది ఇష్టమండీ?"

"నేనడిగింది మార్కులు."

ఆ మాట అన్నప్పుడు ఆమె అతని వైపు చూసింది. మామూలుగా ఎవరి కళ్ళజోడు వంకరగా ఉందో చూసే చూపు అది. అప్పుడు మాత్రం అందులో ఇంకేదో ఉంది. అతను దాన్ని గమనించాడు, గమనించి పక్కన పెట్టాడు. ఒక మనిషి సాయం అడిగినప్పుడు చూపులో అర్థాలు వెతకడం అన్యాయమని అనుకున్నాడు. వేసిపెడతానన్నాడు. ఆమె ఇంక ఆగకుండా ఆ పన్నెండు అడుగులూ తీరిగ్గా, తడుస్తూ నడిచి అవతలి చూరు కిందకి చేరింది. అతను పరిగెత్తాడు.

బుధవారం సెలవు పెట్టి కొత్త కాలనీకి వెళ్ళాడు. బస్సు దిగాక చాలాసేపు తన చెప్పుల చప్పుడు తనకే వినబడింది. రోడ్లు వెడల్పు, కాలిబాటలు కొత్తవి, చెట్లు ఒకే ఎత్తులో ఉన్నాయి. మనుషులు లేరు. గంటలో ఇద్దరు కనిపించారు. ఒకాయన ఏ ఇల్లు వెతుకుతున్నారని అనుమానంగా అడిగాడు. రెండో ఆయన ఏమీ అడగకుండా అనుమానంగా చూశాడు. రొట్టెకి ఇరవై ఆరు నిమిషాలు. మందులకి అంతకంటే ఎక్కువ. అయితే గాలి బావుంది. ఆ ఇంటి ముందు తోటా బావుంది. కిటికీలు పెద్దవి.

ఇక్కడే అతని మనసు అడ్డం తిరిగింది. ఆ చోటు తనకి నచ్చలేదు. ఎందుకు నచ్చలేదు? మనుషులు లేకనా, ఆమె ఇక్కడికి వచ్చేస్తుందనా? రెండో కారణం మొదటి దాంట్లో కలిసిపోయి ఉంటే తీసి వేరు చేయడం ఎలా? నీళ్ళలో పడ్డ నీళ్ళని వేరు చేయమన్నట్టుంది. అనుమానం వచ్చిన ప్రతి చోటా కాలనీ వైపే మొగ్గాడు. గాలికి పూర్తి మార్కులు, చెట్లకి పూర్తి మార్కులు, మెట్లు లేనందుకు ఫారంలో లేని గడి ఒకటి గీసి మరీ పది మార్కులు. మొత్తం డెబ్బై ఆరు.

గురువారం ఆమె ఉండే వీధికి వేశాడు. కొలతలు తీయక్కర్లేదు, అన్నీ కంఠతా వచ్చు. లైబ్రరీ మెట్లలో రెండోది పగిలింది. తాళాలాయన కొట్టు ముందు బల్ల మీద ముగ్గురు పడతారు, ఆయన రేడియో తీస్తే నలుగురు. మెట్లకి సున్నా వేశాక కూడా మొత్తం ఎనభై ఒకటి వచ్చింది.

అతనికి సంతోషం కలిగింది. మరుక్షణం ఆ సంతోషం మీదే అనుమానం వచ్చింది.

వాళ్ళ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. పాత సూపరింటెండెంటు పెట్టి వెళ్ళింది. ఎవరైనా తామున్న వీధికే మార్కులు వేసుకోవాల్సి వస్తే, వచ్చిన మొత్తంలోంచి ఏడు తీసేయాలి. సొంత వీధిలో గుంట కూడా ముద్దుగానే కనబడుతుంది, మనిషన్నవాడికి అది తప్పదు, అని ఆయన వాదన. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఆ కోతని కాగితం మీద వేరే చూపించరు, మొత్తంలోనే తగ్గించి వేస్తారు. అతను కలం తీసుకుని ఎనభై ఒకటి రాయాల్సిన చోట డెబ్బై నాలుగు రాశాడు. న్యాయం చేసినవాడికి కలిగే చల్లటి తృప్తి ఒకటి కలిగింది. ఆ తృప్తి రాత్రికి తలనొప్పిగా మారింది. అది కొత్త కళ్ళజోడు వల్లేమో అనుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న షాపులో ఆ రెండు కాగితాలూ ఆమె చేతికిచ్చాడు. ఆమె నిలబడే చదివింది. చాలాసేపు చదివింది.

"సరే," అంది.

కాగితాలు మడిచి సొరుగులో పెట్టి, థాంక్సండీ అని, వచ్చిన మనిషికి ఫ్రేములు చూపించడానికి వెళ్ళిపోయింది. మాస్టారూ అనలేదు. సాయంత్రం ఏడింటికి అతను వెళ్ళేసరికి షాపు మూసేసి ఉంది. పక్క షాపాయనని అడిగితే ఇవాళ ఆరున్నరకే వెళ్ళిపోయిందన్నాడు.

గదికి వచ్చి ఆ సరే గురించి ఆలోచించాడు. ఒప్పుకుంటున్నాననే సరే ఒకటి. ఇంక మాట్లాడకు అనే సరే ఇంకొకటి. నీ నుంచి ఇంతకంటే ఏం ఆశించాను అనే సరే కూడా ఉంటుందా? తను చేసిన తప్పేమిటి? అడిగిన పని చేశాడు. నిజాయితీగా చేశాడు. తన స్వార్థాన్ని కొలిచి మరీ తీసేశాడు. ఇంతకీ, తీసేసేటంత స్వార్థం తనకెందుకుంది? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ లేచి మంచినీళ్ళు తాగుతున్నాడు. మూడో గ్లాసు దగ్గర అక్క ఫోన్ చేసింది.

అదీ ఇదీ మాట్లాడాక, ఒరేయ్, ఆ అమ్మాయి ఎవర్రా అని అడిగింది. ఏ అమ్మాయి అన్నాడు.

"మూడు నెలలుగా నువ్వు ఏ సంగతి మొదలుపెట్టినా మధ్యలో ఒక కళ్ళద్దాల షాపు వస్తోంది. మొన్న జలుబు చేసిందని చెప్పడానిక్కూడా ఆ షాపు దగ్గర్నించే ఎత్తుకున్నావు."

"అది దారిలో ఉందక్కా."

"ఏ దారిలో?"

అక్క కాసేపు ఎదురుచూసి, బావ పిలుస్తున్నాడని పెట్టేసింది. బావ ఆ వారం ఊళ్ళో లేడని అతనికి తర్వాత గుర్తొచ్చింది.

శనివారం ఆఫీసు ఒంటిపూటే. పన్నెండవుతుండగా ఎవరో పెద్దాయన కింద బల్ల మీద కూర్చుని పిలుస్తున్నారని కబురొచ్చింది. దిగి చూస్తే ఆమె తండ్రి. ఒక చేయి మోకాలి మీద, రెండో చేతిలో అవే కాగితాలు, జేబులో ఎర్ర పెన్సిలు.

"ఇంటి దగ్గర్నించి ఇక్కడికి పదకొండు నిమిషాలని రాశావు. నాకు పంతొమ్మిది పట్టింది," అన్నాడాయన.

"అది మామూలు మనిషి నడకండీ."

"నేనూ మామూలు మనిషినే. మోకాళ్ళే కావు. కూర్చో."

అతను కూర్చున్నాడు. ఆయన మొదటి కాగితం తీసి, ఇది పొద్దున్నే అమ్మాయి కాఫీతో పాటు నా ముందు పెట్టి, ఏమీ చెప్పకుండా షాపుకి వెళ్ళిపోయిందని చెప్పాడు. కాలనీ కాగితంలో ఒకచోట దీర్ఘం లేదు, పెట్టాడట. రెండో కాగితంలో అక్షరాల్లో తప్పు దొరకలేదు. అందుకని అంకెలు చూశాడు. ఎర్ర పెన్సిలుతో చుట్టిన అంకెని అతని ముందు పెట్టాడు.

"పై నుంచి కింద దాకా మూడుసార్లు కూడి చూశాను. ఎనభై ఒకటి వస్తోంది. కింద డెబ్బై నాలుగని ఉంది. లెక్కలు రానివాణ్ణి ఈ ఉద్యోగంలో ఎవరు పెట్టారయ్యా?"

అది తప్పు కాదని, ఆఫీసు పద్ధతని అతను వివరించాడు. సొంత వీధికి వేసుకునేటప్పుడు మనకి తెలియకుండానే ఎక్కువ వేసేస్తామని, అందుకే ఏడు తగ్గిస్తామని చెప్పాడు. పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. మంచి పద్ధతే అన్నాడు. తర్వాత, దారి అడిగేవాడిలా అడిగాడు.

"ఇంతకీ నీ గది ఎక్కడ?"

అతను చెప్పాడు. చెబుతూ చేత్తో చూపించాడు. ఆ చెయ్యి చూపించిన వైపు పెద్దాయన చూశాడు. తర్వాత తమ వీధి ఉన్న వైపు చూశాడు. రెండూ ఒక వైపు కావు.

"మాది నీ వీధి కాదుగా," అన్నాడు.

అతని చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. దాన్ని ఎప్పుడు దించాడో తెలియదు. నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒక్క అంకె తప్పు వేయలేదు. ఏ వీధి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. తన గది ఏ వీధిలో ఉందో అతను మర్చిపోలేదు, అది మర్చిపోయే సంగతి కాదు. అయినా గురువారం ఆ కలం పట్టుకున్నప్పుడు ఆ వీధి తనది కాదన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

పెద్దాయన కాగితాలు మడుస్తూ మాట్లాడాడు. "ముప్పై ఎనిమిదేళ్ళు ప్రూఫులు దిద్దాను. తప్పు ఊరికే పడదు బాబూ. అక్షరాలు కూర్చేవాడి మనసు ఎక్కడుంటే తప్పు అక్కడ పడుతుంది. ఒకతను పెళ్ళి కుదిరిన నెలంతా ప్రతి వార్తలో ఒకే ఊరి పేరు వేసేవాడు. ఆ ఊళ్ళో ఏ నేరం జరగలేదు పాపం."

"కాగితం మీద దిద్దేయండి. ఎనభై ఒకటి."

"నేను దిద్దను. రాసినవాడే దిద్దాలి, అది మా పద్ధతి."

అసలు మీకు వెళ్ళాలని ఉందా అని అతను అడిగాడు. రోజుకి ఒక్కసారి దిగుతాను, ఒక్కసారి ఎక్కుతాను, మధ్యలో ఉన్నదే నా రోజు, అన్నాడాయన. అక్కడ మెట్లుండవు, దిగడానికి ఏమీ ఉండదు. పెద్దమ్మాయికి ఆ మాట చెబితే బాధపడుతుంది. చిన్నదేమో తనకేం కావాలో చెప్పదు, చెప్పేదాకా ఆగేవాడు లేక ఇలా కాగితాల మీదకి తోసింది. ఐదింటికి ఫోన్ చేస్తానంది. చేయొద్దని నేననను. ఇవన్నీ చెప్పి, అతని భుజం పట్టుకుని లేచి, మోకాళ్ళని తిట్టుకుంటూ, దగ్గర దారి వదిలి లైబ్రరీ వైపు నడిచాడు.

అతను ఆ మధ్యాహ్నం పేటంతా తిరిగాడు. తనకేదో జబ్బు బయటపడ్డట్టుంది. పరీక్ష చేసినవాడు తనే, రోగీ తనే. ఇది ప్రేమ అనుకుందాం, మరి ఆమెకి? అడిగింది మార్కులేనంది కదా. ఇంకేదైనా అడగదలుచుకున్న మనిషి మార్కులెందుకు అడుగుతుంది? తను ఏది దాచుకోవడానికి నీడ పేరు చెప్పాడు? ఈ రెండు ప్రశ్నలూ పక్కపక్కనే నిలబడి అతన్ని చూశాయి. వాటి మధ్య ఏదో పోలిక ఉంది. అది పూర్తిగా తెలిసేలోపే కాళ్ళు షాపు ముందుకి తెచ్చి నిలబెట్టాయి.

ఐదుకి పది నిమిషాలుంది. షాపులో ఆమె ఒక్కతే, కౌంటరు వెనక ఏదో ఫ్రేముకి స్క్రూ బిగిస్తోంది.

"కాగితంలో తప్పుందండీ," అన్నాడు.

"ఏడు మార్కులు. నిన్ననే చూశాను."

"చూశారా?"

"కంటి పని చేసేదాన్ని. ఆమాత్రం చూడనా." ఆమె తలెత్తలేదు. "రోజూ సెంటీమీటర్లు లెక్కపెట్టే మనిషి కూడిక తప్పు వేయడు. కావాలనే తీశారు. మేం వెళ్ళిపోతే బావుండునని మీకుంటే ఆ మాటే చెప్పొచ్చుగా. అంకెలు మార్చడమెందుకు?"

అతను నిర్ఘాంతపోయాడు. ఈ అర్థం ఒకటి ఉంటుందని నిన్న రాత్రి తాగిన మూడు గ్లాసుల నీళ్ళలో ఎక్కడా తట్టలేదు. తడబడుతూ పద్ధతి గురించి చెప్పాడు. పాత సూపరింటెండెంటు గురించి, ముద్దుగా కనబడే గుంటల గురించి చెప్పాడు. ఆమె చేతిలో స్క్రూ తిరగడం ఆగింది.

"అది సొంత వీధికి కదా."

"అవునండీ."

"మీరుండేది ఈ వీధిలో కాదు."

"కాదండీ."

"మరి?"

"వేసేటప్పుడు గుర్తు రాలేదు."

"ఏది?"

"ఇది నా వీధి కాదని."

ఆమె చేతిలో ఫ్రేము తీసి పెట్టెలో పెట్టింది. వేరే పెట్టె మూత తెచ్చి దాని మీద పెట్టింది. అది పట్టలేదు. తర్వాత గొంతు సవరించుకుని, ఎప్పటి మొహంతోనే, నాన్న మోకాళ్ళ సంగతేమిటని అడిగింది. అవి మీ సవరణలతో తగ్గవు కదా అంది.

"మా వీధిలో ఇస్త్రీ కొట్టు వెనక కింద వాటా ఖాళీ అయిందండీ. మెట్టు ఒక్కటే. మీ నాన్నగారి నడకతో కూడా లైబ్రరీకి ఎనిమిది నిమిషాలు."

"ఎప్పుడు ఖాళీ అయింది?"

"పది రోజులైంది."

"పది రోజుల్నించీ తెలిసి, చెప్పలేదా?"

"మీరు రెండిళ్ళకే అడిగారు."

ఆమె రెండు చేతులూ కౌంటరు మీద పెట్టి, తల వంచి నవ్వింది. శబ్దం లేకుండా, భుజాలు కదిలేలా నవ్వింది. అతనికి అది నవ్వో ఏడుపో మొదట తెలియలేదు. తలెత్తాక కూడా పూర్తిగా తెలియలేదు. కళ్ళు తడిగానే ఉన్నాయి. పక్కనున్న తుడిచే గుడ్డతో వాటిని తుడుచుకుంది. అది అద్దాల గుడ్డ అని గుర్తొచ్చి చూసుకుంది.

"అయితే నాన్నకి ఇల్లు దొరికింది," అంది. "ఆయన ఇక్కడుండడానికి కారణం కాగితంలో ఉంది. రొట్టె, లైబ్రరీ, బల్ల. నేనెందుకు ఉండాలో మాత్రం మీ ఫారంలో ఏ గడిలోనూ లేదు. అక్క పాపం నా కోసం కూడా ఎదురుచూస్తోంది. ఐదైంది మాస్టారూ."

ఫోన్ తీసి కాలనీ ఇంటాయన నంబరు నొక్కింది. చెవి దగ్గర పెట్టుకోలేదు. అరచేతిలో ఉంచుకుని కౌంటరు మీద ఆనించింది. రింగవుతున్న శబ్దం ఇద్దరికీ వినబడుతోంది.

అతని లోపల వాక్యాలు తయారవుతున్నాయి. ఒక్కొక్కటీ సరిగ్గానే మొదలై, సగంలో తనని తనే ప్రశ్నించుకుని ఆగిపోతోంది. ఈ మనిషి వెళ్ళకూడదని నాకుంది, కానీ నాకుండడం ఆమెకి కారణమవుతుందా. అవుతుందో లేదో ఆమెకి తెలుసు, మరి నాకు తెలిసేదెలా. రెండోసారి రింగైంది. ఇంకొంచెం స్పష్టత వస్తే చెప్పొచ్చు. ఎంత వస్తే చాలు? మూడోసారి రింగైంది. ఆమె చూపు ఫోన్ మీద లేదు. అతని మీద ఉంది. సోమవారం వానలో అతను పక్కన పెట్టేసిన చూపు అదే. దాన్నిప్పుడు పక్కన పెట్టడానికి చోటు దొరకలేదు.

అవతల్నించి ఒక మగ గొంతు హలో అంది. ఎవరండీ అంది.

ఆమె మాట్లాడలేదు.

అతను చెయ్యి చాపి, ఆమె వేళ్ళతో సహా ఆ ఫోనుని తన అరచేత్తో మూశాడు.